హాట్ టబ్‌లో ఏ నీళ్లు, ఏ వేళ నింపాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు విప్పితే నాకే నవ్వొచ్చింది. మే నెలలో కుళాయి తిప్పితే చేతులు కాలి, మధ్యాహ్నం స్నానాలే మానుకునే ఊరు మనది. అలాంటి ఊరి నుంచి ఇంతమంది వేణ్ణీళ్ల తొట్టి గురించి అడుగుతున్నారు. ఒకరిది అమెరికా నుంచి వచ్చిన తమ్ముడి ముచ్చట, ఇంకొకరిది ఆన్‌లైన్‌లో కొన్న గాలి టబ్బు, అదే గాలి కొట్టి నిలబెట్టేది. నవ్వు సంగతి అటుంచితే, ప్రశ్నలు మాత్రం మంచివి. నేను ఇరవై ఏళ్లుగా సోలారు హీటర్లు, మోటార్లు, పైపుల పని చేయిస్తున్నవాణ్ణి కాబట్టి చూసిందే రాస్తున్నా. నాకు అర్థమైనంతలో మన పక్క అందరి ఇబ్బందీ ఒక్కటే: నీళ్లు ఎలా కాచాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు గానీ ఎక్కడి నీళ్లు, ఏ వేళ నింపుతున్నామో చూసుకోవడం లేదు.

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు. మా తమ్ముడు పట్టుబట్టి వెనక వరండాలో హాట్ టబ్ పెట్టించాడు, 1200 లీటర్లది, హీటరు 2 కిలోవాట్లు. వాడు అమెరికా వెళ్లిపోయాడు, టబ్బు మా నెత్తిన పడింది. డిసెంబరులో మా బావమరిది వాళ్లు హైదరాబాదు నుంచి వస్తున్నారు, అలిపిరి మెట్ల దారిన నడిచి కొండెక్కుతారట, దిగొచ్చాక కాళ్ల నొప్పులకి టబ్బులో కూర్చోవాలని ఇప్పట్నుంచే ప్లాను. పోయినేడు ఇలాగే తెల్లవారి ఆరింటికి ట్యాంకు నీళ్లు నింపి హీటరు వేస్తే సాయంత్రం ఆరైనా సరిగ్గా కాగలేదు, వచ్చినవాళ్ల ముందు పరువు పోయింది. మేడమీద 200 లీటర్ల సోలారు ఉంది, బాత్రూములో 25 లీటర్ల గీజరు ఉంది. ఆ వేడినీళ్లే పైపు పెట్టి టబ్బులోకి వదిలితే తప్పా? దాంతో వచ్చిన పుస్తకంలో చల్లనీళ్లే నింపాలని రాసుంది.

జవాబు: తప్పేం కాదు తమ్ముడూ, కానీ దానికి ముందు చిన్న లెక్క చూద్దాం, లెక్క చూశాక నీకే దారి కనపడుతుంది. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 1.16 యూనిట్ల కరెంటు కావాలి. మీ 1200 లీటర్లకి డిగ్రీకి దాదాపు 1.4 యూనిట్లు. 2 కిలోవాట్ల హీటరు గంటకి ఇచ్చేది 2 యూనిట్లే, అంటే గంటకి ఒకటిన్నర డిగ్రీ కూడా ఎక్కదు. డిసెంబరు తెల్లవారి మేడమీది ట్యాంకులో నీళ్లు రాత్రంతా మంచుకి తడిసి 21 డిగ్రీల దాకా దిగి ఉంటాయి అనుకో, అక్కణ్ణుంచి 38కి తేవాలంటే 17 డిగ్రీలు, 24 యూనిట్లు, పన్నెండు గంటలు. పైన మూత సరిగ్గా వెయ్యకపోతే పద్నాలుగు. మీ హీటరు చెడిపోలేదు, పాపం దాని పని అది చేసింది. రోజు మొత్తంలో అన్నిటికన్నా చల్లటి నీళ్లు ఏరికోరి దాని నోట్లో పోసింది మీరు.

ఇప్పుడు భూమి కింద ఏముందో చూడు. నీ ఇంట్లో సంపు ఉంటుంది కదా, కార్పొరేషను నీళ్లు, అంటే కళ్యాణి డ్యాము నుంచో తెలుగుగంగ నుంచో వచ్చినవి, అందులో పడతాయి. నేల కింద ఉన్న సంపు నీళ్లకి చలి అంత తొందరగా తగలదు, చలికాలం తెల్లవారి చెయ్యి పెడితే గోరువెచ్చగా అనిపిస్తాయి. లోతు బోరు నీళ్లయితే ఇంకా, ఏడాది పొడుగునా 28, 29 దగ్గరే ఉంటాయి, పల్లెటూళ్లలో చలికాలం పొద్దున్నే మోటరు కింద స్నానం చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కాబట్టి సంపు నుంచి నీళ్లు మేడెక్కించి మళ్లీ దించకుండా, మోటరు డెలివరీ పైపుకే ఒక టీ అతుకు (పైపు రెండుగా చీలేది) వేయించి, గేటు వాల్వు పెట్టి, అక్కణ్ణుంచి నేరుగా టబ్బుకి పైపు లాగు. ప్లంబరుకి గంట పని. 21కి బదులు 27తో మొదలుపెడితే అక్కడే 8 యూనిట్లు, నాలుగు గంటలు మిగిలాయి, ఇంకా వేడినీళ్ల ఊసే ఎత్తలేదు మనం.

సోలారు దగ్గరికి వద్దాం. 200 లీటర్లు సాయంత్రం నాలుగింటికి 60 డిగ్రీలున్నాయి అనుకో. సంపు నీళ్లు 1000 లీటర్లు 27లో, సోలారువి 200 లీటర్లు 60లో కలిస్తే మొత్తం 32.5 అవుతుంది. ఇంక మిగిలింది అయిదున్నర డిగ్రీలు, 8 యూనిట్ల లోపు, నాలుగు గంటల లోపు పని. పోయినేడు 24 యూనిట్లు, పన్నెండు గంటలు పట్టిన పని ఇది. నాలుగింటికి నింపితే ఎనిమిదికి టబ్బు రెడీ, వాళ్లు కొండ దిగి, రూముకెళ్లి, బట్టలు మార్చుకుని వచ్చేసరికి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, తుపాను పట్టి రెండ్రోజులు ముసురు పడితే సోలారులో నీళ్లు 35 కూడా ఉండవు. ఆ రోజు సోలారుని నమ్ముకుని పరువు పోగొట్టుకోవద్దు, ముందు రాత్రే టబ్బు నింపి, అప్పుడే క్లోరినూ వేసేసి, మూత వేసి, హీటరు పెట్టెయ్యి.

గీజరు సంగతి వేరు. అది కూడా కరెంటే కదా. టబ్బు హీటరు తిన్నా గీజరు తిన్నా యూనిట్లు అవే. 25 లీటర్లు 60కి రావాలంటే అరగంట పైనే పడుతుంది, ఆ 25 లీటర్లతో టబ్బు మొత్తం ఒక డిగ్రీ కూడా పెరగదు. రెండూ కలిపి వేస్తే టైము తగ్గే మాట నిజమే, కానీ ఒక్కొక్కటీ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, రెండూ ఒకే లైను మీద ఉంటే ఎంసీబీ (లోడు మించితే తనే ఆగే స్విచ్చి) పడిపోతుంది, పడకపోతే వైరు వేడెక్కుతుంది, రెండోదే ప్రమాదం. నన్నడిగితే గీజరు జోలికి పోవద్దు.

పుస్తకంలో చల్లనీళ్లే అని ఎందుకు రాశారంటావా? ఎవరో ఒకరు కాగే నీళ్లు తెచ్చి ఖాళీ టబ్బులో గుమ్మరిస్తారని వాళ్ల భయం, ఆ భయం న్యాయమైనదే. పైపులు మామూలు పీవీసీ అయితే 60 డిగ్రీలకి మెత్తబడతాయి, పంపు సీళ్లు, అతుకులు పాడవుతాయి. అందుకే వారంటీ ఉన్నన్నాళ్లు పుస్తకం మాటే వినాలి, సంపు నీళ్లు ఎటూ చల్లనీళ్ల కిందే లెక్క కాబట్టి ఆ లాభం మీకు ఎక్కడికీ పోదు. వారంటీ అయిపోయి, పుస్తకంలో ఇంత డిగ్రీలు దాటొద్దని అంకె ఏదైనా ఉంటే, ఆ లోపే ఉండేట్టు ముందు మూడొంతులు సంపు నీళ్లు పోసి, ఆ తర్వాత సోలారు నీళ్లు సన్నగా వదులు. వాటిని ఒక పక్కన డ్రమ్ములో చన్నీళ్లతో కలిపి పోస్తే మరీ మంచిది. తోటకి వాడే పచ్చ పైపుతో మాత్రం వేడినీళ్లు పట్టకు, అది మెత్తబడి క్లిప్పు ఊడి పక్కన నిలబడ్డవాళ్ల మీద చిమ్ముతుంది. మా ఇంట్లో ఒకసారి అలా చిమ్మితే గోడ మీదున్న పిల్లి మళ్లీ నెల దాకా మా గడప తొక్కలేదు.

ఇంకొక రెండు మాటలు, ఇవి ఎవరూ చెప్పరు. నీళ్లు తీసేముందు టబ్బు ఎంసీబీ ఆపెయ్యి, మళ్లీ పూర్తిగా నిండాకే వెయ్యి, నీళ్లు లేకుండా హీటరు రెండు నిమిషాలు ఎండినా మాడిపోతుంది. రెండోది, పైపుని టబ్బు మధ్యలో పడెయ్యకుండా, ఫిల్టరు బయటికి తీసి అది ఉండే గొట్టంలోకి దూర్చి నింపడం మొదలుపెట్టు. అలా చేస్తే నీళ్లు కింది నుంచి పైపుల్లోకి వెళ్తూ గాలిని ముందుకు తోస్తాయి. లేదంటే గాలి పంపు దగ్గర ఇరుక్కుంటుంది, మోటరు గుర్రుమని అరుస్తుంది గానీ జెట్లలో, అంటే నీళ్లు చిమ్మే రంధ్రాల్లో, చుక్క రాదు, జనం మోటరు పోయిందనుకుని మెకానిక్కుకి ఫోన్ చేస్తారు. అలా ఇరుక్కుంటే ఎంసీబీ ఆపి, పంపు పక్కనున్న పెద్ద ప్లాస్టిక్ నట్టుని చేత్తోనే పావు తిప్పు వదులు చెయ్యి, సైకిలు ట్యూబు గాలి తీసినట్టు సుస్సుమని వస్తుంది, ఆ చప్పుడు ఆగి నీళ్లు కారడం మొదలవగానే బిగించెయ్యి. అయిపోయింది, మెకానిక్కు డబ్బులు మిగిలాయి. నిండాక మోటరు ఆపడానికి ముందే పైపు బయటికి లాగెయ్యి, మునిగి ఉండగా ఆపితే టబ్బు నీళ్లు వెనక్కి లాగి మీరు తాగే సంపులోకే పోతాయి.

ప్రశ్న: సార్, చిత్తూరు నుంచి రాస్తున్నాను. మే నెలలో పిల్లలు సరదా పడ్డారని ఆదివారం మధ్యాహ్నం టబ్బు నీళ్లు మార్చాము. నిండి స్విచ్చి వేసిన అయిదు నిమిషాలకే డిస్‌ప్లేలో ఓహెచ్ అని మెరుస్తూ మొత్తం ఆగిపోయింది. సర్వీసు వాళ్లు వచ్చి బోర్డు మార్చాలంటున్నారు. మేము హీటరు వెయ్యనే లేదు, అయినా ఓవర్ హీట్ ఎందుకు చూపించిందో అర్థం కాలేదు.

జవాబు: అమ్మా, బోర్డు మార్చకండి, ముందు ఈ ముక్క చదవండి. ఇది నాకూ జరిగింది. నాలుగేళ్ల కింద ఒకరింట్లో కొత్త టబ్బు పెట్టించి, మే నెలలోనే, సరిగ్గా మూడింటికి మేడమీది నల్ల ట్యాంకు నుంచి నింపాను. నిండిన పది నిమిషాలకి తెరమీద 43 అని పడింది, ఆ తర్వాత అదే ఓహెచ్. ఇంటాయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేనూ సెన్సారు పోయిందనే అనుకుని విప్పబోయాను, మా కుర్రాడు టబ్బులో చెయ్యి పెట్టి "అన్నా, నీళ్లే కాలిపోతున్నాయి" అన్నాడు. అంతే సంగతి. మండుటెండలో మేడమీది ట్యాంకులో, బయట గోడ మీద పరుచుకున్న పైపుల్లో నీళ్లు ముందే 42, 43 అయి ఉంటాయి. ఈ టబ్బుల్లో మనం పెట్టుకోగలిగిన గరిష్ఠం 40, అంతకు మూడు నాలుగు డిగ్రీలు పైకి పోతే మనుషులు లోపల ఉంటారని అది తనంతట తానే ఆగిపోతుంది. ఎవరు వేడిచేశారు, హీటరా సూర్యుడా అని అది అడగదు.

చెయ్యాల్సింది ఏమీ లేదు. మూత తీసి పెట్టండి, రాత్రికి చల్లారుతుంది, ఎంసీబీ ఒకసారి ఆపి వేస్తే మామూలైపోతుంది. తొందరైతే టబ్బులో అయిదో వంతు నీళ్లు తీసి, ఆ మేరకు బోరు నీళ్లు పోయండి. చల్లారాక కూడా, చేతికి తెలుస్తున్న వేడికి తెరమీది అంకెకి పొంతన లేకపోతే అప్పుడు సెన్సారు మీద అనుమానపడొచ్చు, బోర్డు మాట ఆ తర్వాత. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా టబ్బు నింపాల్సిన వేళ తెల్లవారి అయిదు, చలికాలంలో నేరుగా సంపు నుంచో బోరు నుంచో. అమెరికా పుస్తకంలో ఇది ఉండదు, వాళ్ల కుళాయిలో మంచు లాంటి నీళ్లొస్తాయి మరి. ఇంకో మాట, ఎండాకాలం టబ్బుని 30, 32లో ఉంచి వాడుకోండి, పిల్లలకి అదే బాగుంటుంది. అలా వాడినా క్లోరిన్ మాత్రం తగ్గించొద్దు.

ప్రశ్న: బ్రో, తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర మా ఇల్లు, మూడో అంతస్తు మేడమీద నుంచి ఏడుకొండలు కనిపిస్తాయి. అక్కడ నలుగురు పట్టే టబ్బు పెడదామనుకుంటున్నా. ఆల్రెడీ 1000 లీటర్ల వాటర్ ట్యాంకు పైనే ఉంది కదా, ఏం కాదు అంటున్నాడు మేస్త్రీ.

జవాబు: మేస్త్రీ మాట పక్కన పెట్టు. 1200 లీటర్ల నీళ్లంటే 1200 కిలోలు, టబ్బు 250, నలుగురు మనుషులు 280, మొత్తం 1730 కిలోలు. రెండు మీటర్లకి రెండు మీటర్ల చోటులో అది చదరపు మీటరుకి 430 కిలోలు. జనం తిరిగే మేడలకి ఐఎస్ 875 (కట్టడాల బరువులకి మన దేశ ప్రమాణం) ప్రకారం డిజైను చేసేది చదరపు మీటరుకి 150 కిలోలకే. నీ ట్యాంకు నిలబడింది స్లాబు మధ్యలో కాదు, స్తంభాల మీదో దూలాల మీదో కట్టిన దిమ్మె మీద. స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఇంటి డ్రాయింగు చూపించి కాగితం మీద రాయించుకునే దాకా కొండని కుర్చీ వేసుకుని చూడు.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మురకంబట్టు మాది. మాకు బోరు తప్ప వేరే నీళ్లు లేవు. టబ్బులో నింపి క్లోరిన్ వెయ్యగానే నీళ్లు టీ రంగుకి మారాయి. రెండు నెలలకి హీటరు మీద తెల్లగా సుద్ద లాగా కట్టింది. ఆర్‌వో నీళ్లు కొని పొయ్యాలా?

జవాబు: ఆర్‌వో నీళ్లు వద్దండి, డబ్బు దండగ, పైగా మరీ ఉప్పు లేని నీళ్లు లోపలున్న లోహాన్ని తింటాయి. మీ బోరులో ఇనుము ఉంది, అది క్లోరిన్ తగలగానే తుప్పై పైకి తేలుతుంది, టీ రంగు అదే. నింపాక ఒక రోజు పంపు తిప్పి, ఫిల్టరు రెండు మూడుసార్లు కడిగితే చాలావరకు పోతుంది. పైపు చివర ఒక మందపాటి తెల్ల పంచె గుడ్డ రెండు మడతలు కట్టి చూడండి, మొదటి అరగంటకే ఎర్రగా అవుతుంది, అంత మడ్డి టబ్బులోకి పోకుండా ఆగినట్టే కదా.

సుద్ద సంగతి: ఉప్పునీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడి తగిలినచోటే బయటపడుతుంది, అందుకే ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగునే తెల్లగా కడుతుంది, చెంబుకి కట్టదు. టబ్బులో ఆ గిన్నె అడుగు మీ హీటరు రాడ్డు. పొర కట్టేకొద్దీ వేడి నీళ్లకి అందక రాడ్డు లోపలే ఉడికి పోతుంది. తాగే నీళ్లకి బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. టబ్బుకి 150 నుంచి 250 మధ్య ఉంటే బాగుంటుంది. మీ బోరు 600 ఉందనుకోండి, 100 ఉన్న మంచినీళ్ల ట్యాంకరు నీళ్లు మూడు పాళ్లు, బోరు నీళ్లు ఒక పాలు కలిపితే 225 వస్తుంది, సరిపోయింది. ఎలా తెలుసుకోవాలంటే, ఆర్‌వో వాళ్లు జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ పెన్ను దీనికి పనికిరాదు, అది అన్ని లవణాలనీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యం చూసే చుక్కల మందు కిట్టు వేరే ఉంటుంది, అక్వేరియం సామాను షాపుల్లో అడగండి. ఇప్పటికే కట్టిన సుద్దకి నిమ్మ ఉప్పు వాడొచ్చు, కానీ మీ పుస్తకంలో ఎంత వెయ్యమన్నారో చూసుకుని వెయ్యండి. గోకడానికి మాత్రం పోవద్దు, గీత పడితే రాడ్డుకి అక్కడే తుప్పు మొదలు.

ప్రశ్న: అన్నా, మాది తిరుచానూరు. ఇంటికి ఎప్పుడూ దర్శనానికొచ్చే చుట్టాలే. టబ్బు నీళ్లు మూడు నెలలకోసారి మార్చమన్నారు కొన్నచోట, మాకు మూడు వారాలకే నురగ, జిడ్డు, వాసన. మా అత్తగారు తలంటుకుని అందులోనే దిగుతారు, ఎవరు చెప్పాలి?

జవాబు: మీ ఆయన చెప్పాలి తల్లీ, నేను చెప్పేది కాదు. సరదాకి అన్నాను లెండి. నువ్వుల నూనె, కుంకుడుకాయ పులుసు, సున్నిపిండి, ఈ మూడూ ఆ నీళ్లకి శత్రువులు. నూనె ఫిల్టరు గుడ్డలో పట్టేస్తుంది, కుంకుడు నురగ జెట్లు తిప్పగానే పొంగి మూత దాకా వస్తుంది. టబ్బు అనేది స్నానం చేసే చోటు కాదు, స్నానం చేసి కూర్చునే చోటు. ఎవరైనా సరే ముందు బాత్రూములో ఒళ్లు కడుక్కుని రావాలి, ఈ ఒక్క రూలు గోడ మీద రాసి పెట్టినా తప్పులేదు.

మూడు నెలల లెక్క ఇద్దరు మనుషులు అప్పుడప్పుడూ దిగే ఇంటికి చెప్పేది. మీకు సులువైన లెక్క: టబ్బు లీటర్లని 12తో భాగించి, రోజుకి దిగే మనుషుల సంఖ్యతో మళ్లీ భాగించండి, అన్ని రోజులకి నీళ్లు మార్చాలి. 1200 లీటర్లు, రోజుకి నలుగురు అంటే 25 రోజులు, మీ మూడు వారాలు తప్పేం కాదు చూశారా. ఇక క్లోరిన్. అమెరికా వాళ్ల ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేదాని ప్రకారం హాట్ టబ్‌లో క్లోరిన్ కనీసం 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాములు), పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. 1200 లీటర్లకి 56 శాతం క్లోరిన్ ఉండే డైక్లోర్ గుళికలయితే ఆరేడు గ్రాములు వేస్తే ఆ 3 వస్తుంది, పేపరు స్ట్రిప్పు ముంచి చూసుకోండి. కొత్తనీళ్లు నింపిన వెంటనే వెయ్యాలి, రేపు చూద్దాం అనుకోవద్దు. గోరువెచ్చటి నీళ్లు క్లోరిన్ లేకుండా ఒకట్రెండు రోజులున్నా ఒంటి మీద ఎర్ర దద్దుర్లు తెచ్చే క్రిములు పెరుగుతాయి, ఊపిరితిత్తులకి పట్టే లీజియొనెల్లా కూడా ఇలాంటి వెచ్చటి నీళ్లలోనే పెరుగుతుంది. ట్యాంకులు కడగడానికి వాడే బ్లీచింగ్ పౌడరు ఇందులో వెయ్యొద్దు, సున్నం మడ్డి దిగుతుంది. దాన్నీ ఈత కొలనుల క్లోరిన్ బిళ్లల్నీ ఒకే డబ్బాలో కలపడం అస్సలు చెయ్యొద్దు, ఆ రెండూ కలిస్తే మంటలు రేగుతాయి, పేలినా పేలొచ్చు.

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటుంది, మోకాళ్ల నొప్పులు. టబ్బులో కూర్చోబెట్టొచ్చా? మా చెల్లెలు ఆరో నెల గర్భిణి, తనూ దిగుతానంటోంది. (రేణిగుంట)

జవాబు: చెల్లెల్ని దించొద్దు. అమ్మ విషయం డాక్టరుని అడగండి, ఆయన సరేనంటే 37 డిగ్రీలకి తగ్గించి పది నిమిషాలు, పక్కన ఒక మనిషి ఉండాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి వేడినీళ్లలోంచి గభాల్న లేస్తే కళ్లు తిరుగుతాయి, పడేది అక్కడే. అయిదేళ్ల లోపు పిల్లల్ని కూడా వేడి టబ్బులో దించకూడదు.

ప్రశ్న: నమస్తే అన్నా, పలమనేరు దగ్గర మా తోట ఇంట్లో గాలి టబ్బు కొన్నాం, 1000 లీటర్లు పడుతుంది. ఇక్కడ చలి ఎక్కువ, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో. కట్టెల పొయ్యి మీద పెద్ద కాగు ఉంది, 40 లీటర్లు. ఉడుకునీళ్లు అందులోంచి పోసేస్తే హీటరు పని లేదు కదా? లేకపోతే వాటర్ హీటరు రాడ్డు టబ్బులో వేలాడదీస్తే? మార్చినప్పుడు పాత నీళ్లు మామిడి చెట్లకి వదలొచ్చా?

జవాబు: ముందు రాడ్డు సంగతి. వద్దు, టబ్బులో మనిషి లేకపోయినా వద్దు. రబ్బరు గోడకి తగిలితే బొక్క, ఎర్తింగు సరిగ్గా లేకపోతే చెయ్యి పెట్టినవాడి పని అంతే. అసలు మీ టబ్బు ప్లగ్గుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూసుకోండి, తోట ఇళ్లలో ఎర్తు గుంట ఎండిపోయి ఉండటం నేను చాలా చూశాను, ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పొయ్యండి.

కాగు మాత్రం నాకు నచ్చింది. కాగే నీళ్లు నేరుగా టబ్బులో పోస్తే అతుకులు ఊడతాయి, మోసేటప్పుడు తొణికితే కాళ్లు కాలతాయి, కాబట్టి అలా కాదు. మన పెద్దవాళ్లు గంగాళంలో నీళ్లు తొలిపేవాళ్లు కదా, ఒక చెంబు ఉడుకునీళ్లకి మూడు చెంబుల చన్నీళ్లు, అదే లెక్క ఇక్కడ. కాగులో నీళ్లు 90 డిగ్రీలు, చన్నీళ్లు 22 అయితే ఒకటికి మూడు కలిపితే సరిగ్గా 39 వస్తుంది. బకెట్లో ముందు చన్నీళ్లు, పైన ఉడుకునీళ్లు, మోచెయ్యి పెట్టి చూసుకుని పొయ్యడమే. 1000 లీటర్లకి ఆరు కాగుల పైచిలుకు, 20 లీటర్ల బకెట్లు 50. ఇద్దరు మనుషులుంటే ఒక కాగు కాగేలోపు అంతకుముందు కాగినవి పోసెయ్యొచ్చు, కానీ టబ్బు కింద మందపాటి థర్మాకోల్ షీట్లు పరిచి, పైన మూత వెంటవెంటనే వెయ్యకపోతే చివరి బకెట్టు పోసేలోపు మొదట పోసినవి చల్లారిపోతాయి. నింపేటప్పుడు బుడగల బటన్ నొక్కొద్దు, అది బయటి చలిగాలిని నీళ్లలోకి కొడుతుంది, సరిగ్గా మీరు పెంచిన డిగ్రీలనే తినేస్తుంది. కరెంటు ఉన్నప్పుడు టబ్బు హీటరు ఆ వేడిని నిలబెడితే చాలు, కానీ కరెంటు లేకపోతే ఫిల్టరు పంపు కూడా తిరగదు, ఆ రోజు క్లోరిన్ చూసుకోకుండా ఎవర్నీ దిగనివ్వొద్దు.

పాత నీళ్లు మామిడికి వదలొచ్చు. క్లోరిన్ వెయ్యడం ఆపి, మూత తీసి రెండ్రోజులు ఎండలో పెట్టండి, స్ట్రిప్పులో సున్నా చూపిస్తే పాదులకి మళ్లించండి, ఒకే చెట్టుకి కాకుండా నాలుగైదు చెట్లకి పంచండి. బ్రోమిన్ వాడితే మాత్రం ఎండకి అంత తొందరగా పోదు, అవి మురుగు కాలువకే. కరివేపాకు మొక్కకి, తులసి కోటకి రెండిట్లో ఏవీ పొయ్యొద్దు.